తండ్రి పేరు: ఆక్టోపస్

డాక్టర్ కలిరోయి రేవు కఫేలో అడుగు పెట్టేసరికి లోపల నవ్వులే నవ్వులు. పాచికల బల్ల ముందు కూర్చుని కోడిపుంజు ఏదో చెబుతున్నాడు.

అతని అసలు పేరు సిదేరిస్ కొందిలిస్. కానీ దీవిలో ఆ పేరుతో పిలిస్తే ఇద్దరు పలుకుతారు. అన్నదమ్ముల కొడుకులిద్దరికీ ఆచారం ప్రకారం తాత పేరే పెట్టారు మరి. అందుకే పొద్దున్నే ఊరంతా వినబడేలా అరిచే ఇతను కోడిపుంజు. కబుర్లలో పట్టుకున్నవాణ్ణి వదలని ఆ రెండోవాడు ఆక్టోపస్.

"రండి డాక్టరమ్మా, మీరూ వినండి! ఇందాక పెద్ద దీవి ఆసుపత్రి నుంచి ఫోను. 'సిదేరిస్ కొందిలిస్ గారి తాలూకు ఎవరైనా ఉన్నారా?' అంది ఓ పిల్ల. 'నేనే సిదేరిస్‌ని' అన్నా. 'కాదు తాతా, ఆయన ఇక్కడ మంచం మీదున్నాడు' అంది. 'అయితే నేను పోయినట్టే, పువ్వులు పంపించు' అని పెట్టేశా!"

అందరూ విరగబడి నవ్వారు. కలిరోయికి మాత్రం నవ్వు రాలేదు.

ఆ శుక్రవారం ఉదయం ఆక్టోపస్‌ను పడవ ఎక్కించింది ఆమే. చేప ముల్లు గుచ్చుకుని చెయ్యి మోచేతి దాకా వాచింది. ఒళ్లు కాలిపోతూ, ఎప్పుడో పోయిన భార్యతో మాట్లాడుతున్నాడు. గుర్తింపు కార్డు ఇంట్లోనే ఉండిపోయింది. అవతల పడవ కూత వేస్తుంటే ఆమె మోకాలి మీద కాగితం పెట్టుకుని గబగబా చీటీ రాసిచ్చింది. పడని మందుల వివరాలు కంప్యూటర్లో చూడమంది. ఇద్దరు సిదేరిస్‌లనూ వేరు చేసే 'తండ్రి పేరు' గడిలో ఏం రాసింది?

గుర్తొచ్చింది. అలవాటు కొద్దీ 'ఆక్టోపస్' అని రాసింది!

అక్కడివాళ్లు ఆ గడి వదిలేసి, ఆ పేరుతో ముందు కనబడ్డ ఫైలు తెరిచారన్నమాట. కోడిపుంజు ఫైలు; అందుకే ఫోను ఇతనికొచ్చింది. అతనికి పడని మందంటూ లేదు. ఆక్టోపస్‌కైతే పెన్సిలిన్ ఎక్కితే గొంతు మూసుకుపోతుంది. ఆ చెయ్యి చూసిన డాక్టరు పెన్సిలిన్ ఎత్తుకున్నాడంటే మనిషి మిగలడు.

ఎమర్జెన్సీకి ఫోన్ చేసింది. మళ్లీ చేసింది. ఎవరూ ఎత్తలేదు, ఆగమంటూ అదే పాట. పదకొండేళ్లుగా వింటున్న పాటే.

"కోడిపుంజూ, నీ ఫోనివ్వు!"

"ఆట గెలవబోతున్నానమ్మా, ఒక్క నిమిషం..."

"ఇవ్వవయ్యా ముందు!"

అందులో చివరిగా వచ్చిన నంబరు ఎమర్జెన్సీ వార్డు లోపలిది. దీవి డాక్టర్లకు ఎవరూ ఇవ్వని నంబరు. నొక్కింది.

"మళ్లీ నువ్వేనా తాతా? ఇక్కడ ఊపిరి సలపడం లేదు నాకు!"

"నేను డాక్టర్ కలిరోయిని. ఆయనకు పెన్సిలిన్ ఇచ్చారా?"

"కలిపి ఉంచామండీ. డాక్టరు గారు ఇప్పుడే పెట్టబోతున్నారు."

"ఆపమ్మా! మీరు చూసింది వేరే మనిషి ఫైలు. ఈయనకది పడదు, ఊపిరాగిపోతుంది!"

ఫోను బల్ల మీద పడ్డ చప్పుడు. పరుగు. దూరంగా ఒక కేక. కఫేలో పాచికలు చేతుల్లోనే ఉండిపోయాయి.

చివరికి మగ గొంతు రొప్పుతూ పలికింది. "ఆపేశాం. వేరే మందు ఇస్తున్నాం. ఒక్క మాటండీ... తండ్రి పేరు ఆక్టోపస్ ఏమిటి? మీ రాత అర్థం కాలేదేమోనని ముగ్గురం చదివాం!"

"తప్పు నాదే. నికితాస్ అని రాసుకోండి."

"మేమూ మీకో ఫోన్ చేసి అడగాల్సింది."

"ఇక నేనే చేస్తా లెండి. ఈ నంబరు నా గోడకెక్కుతోంది."

నాలుగు రోజులకు ఆక్టోపస్ పడవ దిగాడు. రేవులో దొరికిన మొదటి మనిషిని అరగంట వదల్లేదు. ఆక్టోపస్ చేతిలో కలిరోయికి ఆసుపత్రి నుంచి ఉత్తరం. అక్కణ్ణుంచి ఆమెకు జవాబు రావడం అదే మొదలు. తండ్రి పేరు నికితాస్. పక్కనే పెన్నుతో: 'ఆక్టోపస్ కులాసా.'

మర్నాడు కోడిపుంజు బీపీ మాత్రల కోసం వచ్చాడు. కలిరోయి అతని ఫైలు తెరిచింది. పైన ఎర్రక్షరాలు: పెన్సిలిన్ పడదు.

"నాకా? ఎప్పట్నుంచి?"

"శుక్రవారం నుంచి. ఆక్టోపస్‌కి పడనిది నీ ఫైల్లో ఎక్కించారు," అంటూ ఆమె గోడ మీది నంబరు చూసి ఫోన్ కలిపింది.

"పన్లో పని, పువ్వులు వద్దని కూడా చెప్పు డాక్టరమ్మా!"