దిగుడు మండలి

గ్రీష్మావసానసమయమున గౌతమీనది కృశించి యిసుకతిన్నెల నడుమ సన్నని పాయయై సాగరమును జేరుచుండ, తీరతాళవనములలో ముంజెలు ముదిరి గాలి తూర్పునుండి యుప్పుతడిని మోసికొని వచ్చు నొక యపరాహ్ణమున నారికేళలంక యను నూరి వెలుపలి బయలునందు జనులు గుమిగూడి యుండిరి. ఆ బయలు మిత్రమండలి యను క్రికెట్టు సంఘమువారి యాటస్థలము. దానికొఱకు కొత్తపేట యువకులును మండలివారును తగవులాడుచుండుటచే విసిగిన పంచాయతీ పెద్దలు, ఆ దినమున నెవరు గెలిచిన నేల వారిదే యని తీర్మానించిరి. ఊరిలో చదునైన చోటు మఱియొకటి లేదు గావున నేల పోయినచో మండలియు బోవును.

ముప్పది యేండ్లకు మున్ను జగ్గప్పనాయుడను డ్రిల్లు మాస్టరు ఆ మండలిని స్థాపించెను. బంతి బ్యాటు నంటి వెనుకవానిచేత బట్టువడినప్పుడు ఆ సంగతి యాడువాని కంటె నెవ్వడెఱుగును, ఎఱిగియు నంపైరు వ్రేలికొఱకు నిలుచుట దొంగతనము గాదా యని యా నిష్ఠాగరిష్ఠుని వాదము. అందుచే నాతడు శిష్యుల కన్నులకు గంతలు గట్టి, బంతి కొయ్య నంటునప్పటి సన్నని సద్దును చెవితో బట్టుట నేర్పెను. సద్దు వినబడినంతనే యంపైరు మొగమైన జూడక తనంతట వెడలిపోవలెను. దీనికి వారు దిగుడని పేరిడిరి. తక్కిన యూళ్లవారికి అట్టి నియమ మేమియు లేకుండుటచే మండలి యేటేట నోడుచు వచ్చెను. దిగుడుబావికి నీళ్లయినా ఉంటాయి, దిగుడు మండలికి గెలుపుండదని యూరివారు నవ్విరి. మండలివారు మాత్రము తమ యోటములను బిరుదములవలె జెప్పుకొనుచు మురిసిరి. నాయుడు గతించెను, కొందఱిని మోకాళ్లనొప్పులు కొనిపోయెను, కొందఱిని బదిలీలు కొనిపోయెను. మిగిలినవారు పట్టుమని పదునొకండుగురు.

వారికి నాయకుడు సింగరాచార్యులు. బోర్డు పాఠశాలలో నాంధ్రపండితుడు. ఇంట నావకాయ యడుగునప్పుడు సైతము గ్రంథభాష విడువని మహానుభావుడు. పంచె గోచి బిగించి దానిపై ప్యాడులు గట్టి యాయన బయలుదేఱిన పిల్లలు నవ్వుదురు గాని, చూపు మందగించిన యా వయసునందును ఆయన చెవికి సాటిలేదని మండలిలో నందఱును నమ్మిరి. ఆయనయు నమ్మెను. ఇన్నాళ్లును గెలుపు నడుగని యా మనుజుడు ఆ యొక్క దినమున మాత్రము గెలువవలెనని లోలోన దేవుళ్లందఱికి మ్రొక్కుకొనెను.

ఆట సాగి సాగి కడపటి జంటకడకు వచ్చెను. ఒకవైపున నాచార్యులు, ఎదుట మల్లాడి గంగరాజను పల్లెకారుడు. కావలసినవి నాలుగు పరుగులు. కొత్తపేట బౌలరు విసరిన బంతి కాలిప్రక్కగా దూసికొనిపోయి వెనుకవాని చేత జిక్కెను. టిక్కను సద్దు వినబడెను. యువకులందఱును గొంతెత్తి యరచిరి. అంపైరు తల యడ్డముగా నాడించెను. ఆచార్యులు దానిని జూడలేదు. బ్యాటును చంకనిడి యప్పటికే దిగిపోవుచుండెను.

గంగరాజు పరుగెత్తుకొని వచ్చి దారి కడ్డముగా నిలిచెను.

"ఆచార్లుగారండీ, ఎనక్కి రండి. అంపైరుగారు అవుటివ్వలేదండి. ఆళ్ల కేప్టెను కూడా ఆడమంటన్నాడండి."

"నాయనా, సద్దు నా చెవిని బడినది. దిగినవాడు మరల నెక్కుట మన మండలిలో లేదు."

"బ్యాటుకి తగల్లేదండి. నేనెదురుగా సూసేనండి."

"నీవు చూచితివి. నేను వింటిని" అని యాయన శాంతముగా బలికి ప్రక్కకు దొలగి నడచిపోయెను.

కొత్తపేట నాయకుడు మర్యాద తెలిసినవాడు. చాలసేపు వేచియుండెను. అంపైరు రెండుమాఱులు కబురంపెను. ఆచార్యులు కదలకుండుటచే తుదకు ఆట ముగిసినదని స్టంపులు పెఱికిరి. బయలంతయు కొత్తపేటవారి గెలుపు కేకలతో నిండెను.

తాటాకు పాకలో గూర్చుండి ప్యాడు విప్పబోయిన యాచార్యుల చేయి చటుక్కున నాగెను. మోకాలిప్రక్క ప్యాడుపట్టీకున్న యినుప బకిల్సుపై బంతితోలు ఎఱుపు కుంకుమ గీత గీసినట్లు పచ్చిగా నంటియుండెను. తాను విన్నది కొయ్యసద్దు గాదు. బొటనవ్రేలితో నొక్కమాఱు రాచినచో నా గీత చెఱిగిపోవును, ధర్మమునకై యోడితిమను పేరైన మిగులును. ఆ యూహకు తానే సిగ్గుపడి ప్యాడును చేతబట్టి యందఱికిని జూపెను.

"దోషము నాది. చెవి మోసపుచ్చినది. మన నేలను నా చేతులార బోగొట్టితిని" అనెను.

ఎవ్వరును నిందింపలేదు. గంగరాజు తల వంచుకొని యిసుకను కాలితో గీయుచుండెను. అప్పుడొక మూలనుండి పేరిశాస్త్రి లేచెను. యౌవనమున నొకానొక పందెమున నూఱవ పరుగు ముంగిట సద్దు విని దిగిపోయి, ఆ యొక్క ఘనకార్యమునే మనుమలకు సైతము జెప్పుకొనుచు జీవించిన వృద్ధుడాయన. ప్యాడును చేతిలోనికి దీసికొని బకిల్సును వ్రేలితో దడవి చూచెను.

"ఆచార్యులుగారూ, మరి నాది?" అని మెల్లగా నడిగెను.

ఆ ప్రశ్న పాకలోని ప్రతివాని యెదను దాకెను. దిగిపోయిన యన్ని మాఱులును ఎవ్వడు కొయ్యను వినెను, ఎవ్వ డినుమును వినెను? నేల పోయిన దుఃఖమున కెన్నడైన నవధి యుండును. ముప్పది యేండ్ల యోటములలో నేవి ధర్మమువలన గలిగినవో యేవి చెవి పొరపాటువలన గలిగినవో చెప్పగలవాడిక లేడు. శాస్త్రి సమాధానమునకై యాచార్యుల మొగమువంక జూచుచునే యుండెను.