ఎదురుపాట

నేను ఒక మైకును. చేత్తో పట్టుకుని పాడే రకం. నల్లటి ఇనుప ఒళ్లు, జల్లెడలాంటి తల, ఆ తలకు ఎడమ పక్కన ఒక సొట్ట. మీరు నన్ను చూసి ఉండరు గానీ నాలాంటివాళ్లను వందమందిని చూసే ఉంటారు. మా వెనక నిలబడ్డవాడినే అందరూ చూస్తారు, మమ్మల్ని చూసేదెవరు?

ఒక్క సంగతి ముందే చెబుతాను. మనుషులు మాటలు వింటారు, మేము ఊపిరి వింటాం. ఏ మనిషి ఎక్కడ గాలి పీల్చుకుంటాడో అక్కడే వాడి వాక్యం విరుగుతుంది. రాసుకునేటప్పుడు కూడా, తనకు తెలియకుండానే, తన ఊపిరికి సరిపడా రాసుకుంటాడు. అందుకే ఎవడు పాడినా అది ఎవడు రాసిందో నాకు తెలిసిపోతుంది. ఈ తెలివి వల్ల నాకు ఒరిగిందేమీ లేదు. నా నోట్లోంచి వచ్చేవన్నీ ఇతరుల మాటలే.

ఢిల్లీ శివార్లలో ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. నా తలలో సన్నటి రాగితీగ చుట్ట అమర్చిన అమ్మాయి పరీక్ష కోసం ఒకసారి ఊది, పక్కన పెట్టింది. తర్వాత సికింద్రాబాదులో యాదగిరి అనే టెంట్‌హౌస్ యజమాని చేతిలో పడ్డాను. ఎనిమిదేళ్లు పెళ్లిళ్లు, సంతాపసభలు, ఎన్నికలు. 'రెండే రెండు ముక్కలు మాట్లాడతాను' అన్నవాడెవడూ గంట లోపల నన్ను వదల్లేదు. ఒక సభలో ఇద్దరు నాయకులు ఒకేసారి నన్ను లాక్కోబోతే కింద పడి తల సొట్ట పోయింది. సొట్ట మైకును పెళ్లివారు ఒప్పుకోరని యాదగిరి నన్ను మార్తాకు ఇచ్చేశాడు.

మార్తా చిలకలగూడలో బియ్యం దుకాణం మీద ఒక గది తీసుకుని, గోడలకు పాత బొంతలు కొట్టి, రికార్డింగు స్టూడియో నడిపేది. ర్యాప్ పాడే కుర్రాళ్లందరికీ ఆమె అక్క. వాళ్లలో రోజూ వచ్చేవాళ్లు ఇద్దరు. సమ్మయ్య, నర్సింగ్. ఒకే బస్తీ, ఒకే బడి, ఒకే నోటుబుక్కు. సమ్మయ్య తండ్రితో పాటు పెళ్లి బ్యాండులో క్లారినెట్ ఊదినవాడు. రెండు పాదాలు ఒకే ఊపిరిలో లాగేవాడు. నర్సింగ్‌ది పొట్టి ఊపిరి. సుత్తి దెబ్బలా కొట్టి ఆగేవాడు. ఇద్దరినీ కళ్లు మూసుకుని గుర్తుపట్టవచ్చు.

నర్సింగ్ తల్లి ఎల్లవ్వ కూలీల అడ్డా మీద నిలబడి పనికి పోయేది. ఆమె మీద పాట రాయాలని నర్సింగ్ మూడు రోజులు నా ముందు నిలబడ్డాడు. మొదటి మాట దాటి ముందుకు పోలేదు. నాలుగో రోజు మార్తా చర్చికి వెళ్లింది. గదిలో వాళ్లిద్దరూ, నేనూ.

"జర అవతలికి జరుగురా. ఒకసారి అంట, విను" అన్నాడు సమ్మయ్య.

సద్దిమూట సంకల వెట్టి అడ్డమీద అమ్మ,
ఎవడొచ్చి ఏలు జూపితే ఆ దినం మా బువ్వ.
వట్టి కారం నాకి ఇన్ని నీళ్లు తాగి లేచె,
సద్దిగిన్నెల సగం మెతుకులు నాకొరకే తెచ్చె.

మొదటి రెండు పాదాలు ఒక ఊపిరి, తర్వాతి రెండూ ఒక ఊపిరి. నర్సింగ్ నోటుబుక్కు మూసేశాడు.

"ఇది నాది కాదు కదరా."

"అమ్మ నీదే కద. ఇది గూడ నీదే. ఎవ్వనికి జెప్పకు, అయిపాయె."

మార్తా తిరిగి వచ్చాక నర్సింగ్ పాడాడు. రెండో పాదం సగంలోనే ఆయాసం వచ్చింది. చివరికి మార్తా ఒక్కో పాదం విడివిడిగా రికార్డు చేసి, మధ్యలో ఊపిర్లు కత్తిరించి అతికించింది. "నీ ఊపిరి సాలకుంట ఇంత పొడుగు ఎందుకు రాసుకున్నవ్‌రా?" అని అడిగింది. నర్సింగ్ చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

ఆ నాలుగు పాదాలు బస్తీలన్నీ పాకాయి. ఆటోల వెనక రాసుకున్నారు. నర్సింగ్‌కు 'మొండి' అన్న పాటపేరు నిలిచింది. మార్తా స్టూడియో మెట్ల పక్క గోడ మీద అక్కడ పాడేవాళ్ల పాటపేర్లు రంగుతో రాసి ఉంటాయి. ఆ గోడకు ఒక కట్టుబాటు ఉంది. పందెంలో ఓడినవాడి పేరు మీద తారు గీత పడుతుంది. ఆ పేరుతో వాడు మళ్లీ పాడకూడదు. పేరు పోవడమంటే వాళ్ల లెక్కలో మనిషి పోవడమే.

సమ్మయ్య సినిమాల వైపు వెళ్లాడు. పాటల కంపెనీవాళ్లు 'సామ్' అని పెట్టిన పేరే గోడ మీదా ఎక్కింది. 'పిల్లా నీ చెప్పుల చప్పుడు' అని ఒక పాట పాడాడు. అందులో చెప్పులు, చప్పుడు తప్ప ఏమీ లేవు. మూడు కోట్లమంది చూశారు. ఊళ్లో ప్రతి పెళ్లి బారాత్‌లోనూ అదే పాట. దానికి చిందులేసినవాళ్లే ఇంటికి వెళ్లి 'సామ్ అమ్ముడుపోయాడు' అని ఫోన్లో రాసేవాళ్లు. ఈ విషయంలో మనుషులు నాయకుల కంటే చాలా నిజాయితీపరులు, చేతులూ కాళ్లూ చెప్పేది ఒకటి, వేళ్లు రాసేది ఇంకొకటి అని దాచుకోరు.

నర్సింగ్ కోపాన్ని నేనే మోశాను. "సల్ల గదిల కూసున్నోడు జెప్పు పాట రాసిండు, కాలి కింద ఏసి వాని మాటను తొక్కిండు" అని పాడాడు. వారానికి సమ్మయ్య జవాబు వచ్చింది. "పదిమంది గదిల నువ్వు పెద్ద కవివి, బస్సెక్కితె ఎవరు నువ్వు, ఏ బస్తీవి?" అలా నాలుగు నెలలు. జనానికి పండగ. కానీ నర్సింగ్ ప్రతి పాట చివరా ఒక మాట పెట్టడం మొదలుపెట్టాడు. 'నా అక్షరం నేనే రాసుకుంట.' ఆ మాట నాలోంచి వెళ్లిన ప్రతిసారీ నాకు నాలుగో రోజు గుర్తుకొచ్చేది. సమ్మయ్య అన్నిటికీ బదులిచ్చేవాడు, ఆ ఒక్కదానికి తప్ప.

చివరికి పందెం ఖాయమైంది. ఆదివారం మధ్యాహ్నం, మూతపడ్డ ఒక టాకీసులో. ఓడినవాడి పేరు గోడ మీద పోతుంది. నిర్వహణ మార్తాది, మైకు నేను. ఆఖరి రౌండుకు నియమం పెట్టింది నర్సింగే. దాని పేరు ఎదురుపాట. తాళం లేదు, సంగీతం లేదు, ఎదుటివాడికి పేరు తెచ్చిన చరణాన్ని ఒట్టి గొంతుతో వాడి మొహం మీదే పాడాలి. చెప్పుల పాటకు డప్పు తీసేస్తే ఏమీ మిగలదని అందరికీ చూపించాలని అతని ఆలోచన. ఎదుటివాడు తనది కూడా పాడతాడన్న సంగతి తోచలేదు. పాటగాళ్లు తప్ప ఇంకెవరూ ఇంత తప్పు చేయరు. ఎదుటివాడిని కొట్టే మాట దొరికితే చాలు, ఇక వాళ్లకు ఏమీ కనపడదు.

టాకీసు నిండిపోయింది. పైన రేకులు కాలిపోతున్నాయి. ముందు వరసలో ఎల్లవ్వ కూర్చుంది, కొడుకు గెలుపు చూడాలని పని మానుకుని వచ్చింది. మొదటి రెండు రౌండ్లు చెరొకటి గెలిచారు.

ఎదురుపాట. ముందు నర్సింగ్. చెప్పుల పాటను పాఠం అప్పగించినట్టు, ఒక్కో మాటా విడగొట్టి చదివాడు. "పిల్లా. నీ. చెప్పుల. చప్పుడు." టాకీసంతా నవ్వు. సమ్మయ్య కూడా నవ్వాడు.

"ఇగ నీదిరా, సామ్" అంది మార్తా. "ఏది పాడతవ్?"

అతను చెప్పే లోపే జనం అరిచారు. "అడ్డా. అడ్డా."

నన్ను అందించాల్సిన నర్సింగ్ చెయ్యి వదల్లేదు. నా ఒంటి మీద అతని చెమట జారుతోంది. అప్పుడు తెలిసింది అతనికి, తను ఏం నియమం పెట్టాడో. సమ్మయ్య నన్ను మెల్లగా లాక్కున్నాడు.

"సద్దిమూట సంకల వెట్టి అడ్డమీద అమ్మ, ఎవడొచ్చి ఏలు జూపితే ఆ దినం మా బువ్వ."

ఒకే ఊపిరి. ఎక్కడా అతుకు లేదు. నాలుగేళ్లుగా అందరికీ కంఠతా వచ్చిన చరణాన్ని, నవ్వినవాళ్లే మొదటిసారి వింటున్నట్టు విన్నారు. పక్కనున్న మార్తా తల ఎత్తింది. ఊపిర్లు కత్తిరించి బతికే మనిషి ఆమె. ఆమె చూపు సమ్మయ్య ఛాతీ మీద ఆగి, నర్సింగ్ మొహం మీదకు వెళ్లింది.

ఇంకో రెండు పాదాలు. అలాగే పాడితే సమ్మయ్య గెలుస్తాడు, సామ్ అనే పేరు నిలుస్తుంది. అలాగే పాడితే చరణం ఎవరిదో ఇంకొందరికి కూడా తెలిసిపోతుంది. సమ్మయ్య నర్సింగ్‌ను చూడలేదు. ముందు వరసలో ఎల్లవ్వను చూశాడు.

"వట్టి కారం..." అని ఆగాడు. గాలి పీల్చుకున్నాడు. ఆయాసం లేని మనిషి ఆయాసపడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు. "నాకి ఇన్ని..." మళ్లీ ఆగాడు. "నీళ్లు..." అచ్చం నర్సింగ్ ఆగే చోట్లే, అంతకంటే ఘోరంగా. చివరి పాదం మరిచిపోయినట్టు నన్ను దించేశాడు.

టాకీసు ఈలలతో ఊగిపోయింది. "సినిమోనికి దమ్ము లేదురో" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. జనం లేచి నిలబడ్డారు, అందరూ నర్సింగ్ వైపే. గెలిచినవాడు ఓడినవాడి పేరు నాలో చెప్పి కొట్టేయమనాలి. అది ఆచారం. నేను నర్సింగ్ చేతికి వచ్చాను.

అతను నన్ను పెదాల దాకా తెచ్చాడు. అతని ఊపిరి ఎప్పుడూ లేనంత పొడుగ్గా లోపలికి వెళ్లింది.

"అడ్డా చరణం..."

నా వైరు సమ్మయ్య కాలి దగ్గర పడి ఉంది. అతను వంగి దాన్ని చేతికి చుట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. నా అడుగున మూడు పిన్నులుంటాయి. ఒకటి ఫట్‌మంది. నేను మూగబోయాను.

"...నేను రాయలె. సమ్మిగాడు రాసిండు."

నర్సింగ్ పూర్తిగానే చెప్పాడు. విన్నది నేను, సమ్మయ్య. ఈలల హోరులో ఇంకెవరికీ వినపడలేదు. ఓడిన కోపంతో సామ్ వైరు పీకాడనుకుని జనం చెప్పులు విసిరారు. ఒకటి సమ్మయ్య భుజానికి తగిలింది. అతను నర్సింగ్ చెవి దగ్గరికి వంగాడు.

"నోరు మూస్కో నర్సిగా. అమ్మ ముంగటనే ఉంది."

సాయంత్రం కాకముందే గోడ మీద సామ్ పేరుకు తారు గీత పడింది.

పది రోజులు నేను మార్తా బల్ల మీద, తెగిన వైర్ల డబ్బాలో పడుకున్నాను. పదకొండో రోజు నర్సింగ్ వచ్చాడు. వెనకే ఎల్లవ్వ, మెట్లెక్కి రొప్పుతూ.

"అన్నం తింటలేడు బిడ్డా" అంది మార్తాతో. "గెలిసినోడు గిట్ల ఉంటడా?"

మార్తా నన్ను డబ్బాలోంచి తీసి విరిగిన పిన్ను చూపించింది. "ఆ రోజు నువ్వు ఏం జెప్పబోయినవో నాకు తెలుసురా. కొత్త పిన్ను అతికితే ఇది మళ్ల పలుకుతది. అతకాల్నా వద్దా, నువ్వే జెప్పు."

నర్సింగ్ తల్లిని చూసి తల దించుకున్నాడు.

"గా పాట సంగతేనా?" అంది ఎల్లవ్వ. "నువ్వు రాయలేదని నాకు ఎర్కనేరా. నేను వట్టి కారం నాకింది నువ్వెన్నడు జూసినవ్? నీకు మేస్త్రి అన్నం వెట్టిండని జెప్పేదాన్ని. సమ్మిగాడే ఒకనాడు బ్యాండుకు వోతు అడ్డా కాడ జూసిండు. నీకు జెప్పొద్దని ఒట్టు వెట్టించుకున్న. పాటల జెప్పిండు, దొంగ."

నర్సింగ్ గోడకు కొట్టిన బొంతకు నుదురు ఆనించి అలాగే నిలబడ్డాడు. భుజాలు కదిలాయి. ఎల్లవ్వ అతని వీపు మీద చెయ్యి వేసింది.

"అతుకక్కా" అన్నాడు, తల తిప్పకుండానే.

సీసం వేడి నా అడుగున తగిలింది. మళ్లీ పలికాను. నర్సింగ్ ఆ రోజు పాట పాడలేదు, చరణం ఎవరు రాశారో మామూలు మాటల్లో చెప్పాడు. రెండు నిమిషాలు. మార్తా దాన్ని అలాగే బయటికి వదిలింది. మర్నాటికి అతన్ని దొంగ అన్నవాళ్లు వేలల్లో ఉన్నారు. సామ్ పేరును కొట్టేయమని లేచి నిలబడ్డవాళ్లే సామ్‌ను అసలైన కవి అన్నారు. ఆటోల వెనక చరణం మాత్రం ఎవరూ చెరపలేదు. నర్సింగ్ తారు డబ్బా తెచ్చి, గోడ మీద మొండి అన్న పేరును తనే కొట్టేశాడు. పక్కపక్కనే రెండు తారు గీతలు.

సమ్మయ్య వచ్చింది ఆ తర్వాతి వారం. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఎందుకు జెప్పినవ్‌రా?"

"నువ్వెందుకు గుంజినవ్‌రా?"

సమ్మయ్య లోపలికి వచ్చి బొంతకు ఆనుకుని కూర్చున్నాడు. నర్సింగ్ జేబులోంచి మడత కాగితం తీశాడు. నాలుగు పాదాలు, అన్నీ పొట్టివే.

మార్తా నన్ను స్టాండుకు బిగించి కంప్యూటరు ముందు కూర్చుంది. "ఫైలుకు ఏం పేరు వెట్టాలె? మొండి అని వెట్టేటట్టు లేదు గద."

నర్సింగ్ ఆలోచించాడు. నేలమీద కూర్చున్న సమ్మయ్య కూడా ఏమంటాడో అని తల ఎత్తి చూశాడు.

"ఇప్పటికైతే ఖాళీగ ఉంచక్కా" అన్నాడు నర్సింగ్, నా ముందుకు వచ్చి నిలబడుతూ. "ముందు ఇది పాడనియ్యి."