జిడ్డు పీలికలు

"అమ్మా, ఈ గరిటె నీదే. గుర్తుపట్టలేదూ?" అంది చిన్నది.

గుర్తుపట్టలేదు. మా చిన్నమ్మాయి బొమ్మలు చేస్తుంది. మట్టితో కాదు, జనం వాడి పడేసిన సామానుతో. ఈసారి మా వంటింట్లోనూ అటక మీదా ఉన్న పాత సామాను రెండు బస్తాలకెత్తి తీసుకుపోయి, తన షెడ్డులో నా ఎత్తు బొమ్మ నిలబెట్టి, 'అమ్మ' అని పేరు పెట్టింది. రేపు పొద్దున్న చూడ్డానికి జనం వస్తారు. ఏ వస్తువు ఎక్కడిదో నన్ను పక్కన నిలబడి చెప్పమంది. కుర్చీ కాళ్లే దాని కాళ్లు. గొడుగు ఊచలు పక్కటెముకలు. గరిటెలు చేతులు. అన్నీ తళతళలాడుతున్నాయి. ఒక్కటీ నాదనిపించలేదు. పరాయివాళ్ల పెళ్లి ఫోటోలో నన్ను నేను వెతుక్కుంటున్నట్టుంది.

"ఈమధ్య అంతేనే మీ అమ్మ," అన్నారు నాతో వచ్చిన మా ఆయన. "మందుల డబ్బా కూడా ఎక్కడో పెట్టి మర్చిపోతోంది."

ఆ డబ్బా మర్చిపోయింది ఆయనే. అయినా, నలభై ఆరేళ్లు తోమిన గరిటెనే పోల్చుకోలేనిదాన్ని, ఇంకేం వాదిస్తాను? మనుషులు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, ఇక వస్తువుల వంతు వచ్చిందేమో. గరిటె పిడి పట్టుకున్నాను. నున్నగా, చల్లగా ఉంది. మా గరిటె ఇలా ఉండదు. మరెలా ఉంటుంది? అదే గుర్తు రావడం లేదు.

మొహం కడుక్కుందామని కుళాయి దగ్గరికి వెళ్లాను. పక్కనే చెత్తబుట్ట. దాన్నిండా నా ముడులు.

ఎవరు వెళ్లిపోయినా వాళ్ల బట్టలోంచి ఒక పీలిక చించుకోవడం నా అలవాటు. అమ్మ పోయినప్పుడు చించిన ఆకుపచ్చ చీర పీలిక, చెయ్యి కాలకుండా గరిటె పిడికి చుట్టాను. పెద్దమ్మాయి హాస్టలుకు వెళ్లినప్పుడు దాని గౌను అంచుతో గొడుగు ఊచ కట్టాను. అత్తగారి దుప్పటి ముక్క కుర్చీ కాలికి. ఆవిడ మంచాన పడ్డ ఏడేళ్లూ నేనే ఉతికిన దుప్పటి. "కొత్తది కొనుక్కోలేని కొంపలో పడ్డావా ముడులమ్మా!" అనేది ఆవిడ. ఆయనైతే ఇంటికెవరొచ్చినా, "జాగ్రత్తగా కూర్చోండి, మా ఆవిడ మిమ్మల్నీ కట్టేస్తుంది" అని నవ్వించేవారు. నేనూ నవ్వేదాన్ని.

"ఇవేంటే?" అన్నాను బుట్ట ఎత్తి.

"అదా? జిడ్డమ్మా. కోసి, శుభ్రం చేసేసరికి రెండు రోజులు పట్టింది. లోపల అసలు వస్తువు ఎంత బావుందో!"

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మతి పోలేదని సంతోషించాలా? నా కడుపున పుట్టి, నా ఇంట్లో పెరిగిన పిల్లకు నేను చేసిందంతా జిడ్డులా కనిపించిందని బాధపడాలా?

బుట్ట బోర్లించి నేల మీద కూర్చున్నాను. ఆకుపచ్చ పీలిక వెతికి గరిటె పిడికి చుట్టడం మొదలుపెట్టాను.

"అయ్యో, పాడైపోతుందమ్మా!" అంటూ చిన్నది పీలిక లాగబోయింది.

"ఇది మీ అమ్మమ్మ. రేపు చెప్పాలిగా, విను," అన్నాను.

చిన్నది చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఊరుకోవేమే, పద ఇంటికి. డాక్టరుకు చూపిద్దాం," అన్నారు ఆయన.

చీకటి పడుతుండగా పీలికలన్నీ కట్టడం అయిపోయింది. బొమ్మ మెడ ఒక్కటే బోసిగా ఉంది. నా కొంగు అంచు చించి అక్కడ ముడి వేశాను. ఎక్కడికి వెళ్తున్నానో నాకే ఇంకా తెలియదు.