దొరసానికి బార్లీ

బడులు తెరిచి నెల దాటిందంటే దర్జీకి పని ఉండదు. యూనిఫారాలన్నీ పిల్లల ఒంటి మీదికి ఎక్కేస్తాయి. వాళ్ళు ఎదిగి అవి బిగుతయ్యేదాకా కొత్త బట్టలకి ఎవరూ ఆయన గడప తొక్కరు. ఏటా సాయంత్రాలకి అతుకుల పనైనా తగిలేది, ఈ ఏడు అదీ లేదు. పావురాల పందేలు కూడా సరిగ్గా అప్పుడే ముగుస్తాయి. మేడ మీది గదిలో కుట్టుమిషను, గదిని ఆనుకుని గూడు, గూట్లో పద్నాలుగు పావురాలు. అందరికీ సెలవులే. ఆ ఇంట్లో సెలవు లేనిది ఇల్లాలొక్కదానికే.

"పందేలకి ఎగిరినన్నాళ్ళూ బఠానీలు, మొక్కజొన్న, పొద్దుతిరుగుడు గింజలు పోశారు. నేను నోరెత్తానా?" అంది ఒకరోజు డబ్బాలన్నీ వరసగా మూతలు తీసి చూపిస్తూ. "ఇప్పుడు పొద్దస్తమానం పిట్టగోడ మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూడ్డమేగా వాటి పని? అచ్చం మీలాగే. ఈ మూడు నెలలూ వాటికి బార్లీ చాలు."

"బార్లీయా? జ్వరమొచ్చినవాళ్ళకి కాచి ఇచ్చేది!"

"గింజల కొట్టతన్ని అడిగే వచ్చాను. సగం ధర. కొవ్వు పట్టదట. వచ్చే పందేలనాటికి ఎగరాలంటే అదే మంచిదట. మీరూ తింటారా, కొంచెం ఎక్కువ తెస్తాను?"

దర్జీ మెడలో టేపు సర్దుకుని మేడెక్కాడు. ఆవిడ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదని ఆయనకి తెలుసు. అదే ఆయన బాధ.

ఇల్లాలి పద్ధతి పద్ధతే. రోజుకి ఒక్కసారి, సాయంత్రం మాత్రమే మేత. ముందు ఖాళీ కడుపుతో ఎగరనివ్వాలి. తర్వాత టీ గ్లాసుతో కొలిచి బార్లీ. ఈకలు రాల్చుకుని కొత్తవి తొడుక్కునే కాలం కాబట్టి పైన ఒక్క గుప్పెడు బఠానీ. కొట్లో జల్లెడ కింద రాలిన గింజలు చవగ్గా దొరికితే, రాళ్ళు ఏరి, ఎండబెట్టి, అవీ కలిపేది. పావురాలు ముందు బఠానీ మీద పడతాయి, బార్లీకి ఆఖరున వస్తాయి. బార్లీ నేల మీద మిగిలిందంటే కడుపు నిండిందని లెక్క. మర్నాడు అరగ్లాసు తగ్గించొచ్చు. మొదటి రెండు రోజులూ అవి పళ్ళెం చుట్టూ తిరిగి దర్జీ మొహంలోకి చూశాయి. మూడో రోజున నోరు మూసుకుని తిన్నాయి. మూడు వారాలు తిరిగేసరికి పొట్టలు తగ్గి, మెడలు నిగనిగలాడుతూ చూడముచ్చటగా తయారయ్యాయి. ఇల్లాలు ఆ సంగతి రోజుకి రెండుసార్లు గుర్తుచేసేది.

అంతా బాగుందనుకుంటున్న సమయంలో ఒక సాయంత్రం దొరసాని గూటికి రాలేదు.

దొరసాని ఆరేళ్ళ బూడిదరంగు పెట్ట. అది గుడ్డులోంచి బయటపడిన వారానికే తల్లిని పిల్లి ఎత్తుకుపోయింది. దర్జీ దాన్ని మిషను బల్ల కింద, కత్తిరింపు ముక్కల పెట్టెలో పెట్టి, నానబెట్టిన బఠానీ ఒక్కొక్కటీ నోట్లో పెట్టి బతికించాడు. పందేల్లో అది ఎప్పుడూ మొదట రాలేదు. కానీ రాకుండా ఎప్పుడూ ఉండలేదు. ఆ పద్నాలుగింటిలో పదమూడు పావురాలు, ఒకటి కూతురు అనేవాడు.

ఆ కూతురు ఆ సాయంత్రం వీధి అవతల క్షురకుడి మేడ మీద వాలి, అతని గూట్లోకి దర్జాగా నడిచి వెళ్ళిపోయింది.

ఆ వీధి పావురాలవాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. వరసగా మూడు సాయంత్రాలు ఎవరి గూట్లో పడుకుంటే ఆ పావురం వాళ్ళదే. సొంతదారు వెళ్ళి పట్టుకురాకూడదు, అవతలివాడు రెక్కలు కట్టేయకూడదు. ఎవరి మేడ మీద నిలబడి వాళ్ళు పిలుచుకోవాలి, అంతే. ఈ కట్టుబాటు పెట్టించింది ఎవరో కాదు, దర్జీయే. దీని పుణ్యమా అని క్షురకుడి పావురాలు రెండు ఆయన గూట్లో చేరాయి కూడా. అప్పుడు మీసం మెలేసిన మనిషి ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని కాదంటాడు?

మర్నాడు దొరసాని పగలంతా ఎక్కడెక్కడో తిరిగింది. సాయంత్రం దర్జీ మేత డబ్బా చెయ్యి నొప్పెట్టేదాకా గలగలలాడించాడు. అది ఒకసారి ఆయన మేడ మీదుగా చక్కర్లు కొట్టి, మళ్ళీ అవతలికే పోయింది.

ఆ పూట ఆయనకి ముద్ద దిగలేదు. "బార్లీ పెట్టి పొమ్మనలేక పొగబెట్టాం దాన్ని," అన్నాడు. "వాడు బఠానీలు పోస్తూ ఉంటాడు. ఏ ఇంట్లో కడుపు నిండితే అటే పోతుంది, దాని తప్పేముంది? సాకలేనివాణ్ణి నేను."

ఇల్లాలు ఎప్పుడూ లేనిది మెత్తబడింది. "రేపు ఒక డబ్బా బఠానీ తెచ్చుకోండి," అంది. ఆ మాట ఆయన్ని ఇంకా కుంగదీసింది.

పొద్దున్నే దర్జీ వీధి దాటి, క్షురకుడి మేడ కిందే ఉన్న దుకాణానికి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

"మొన్ననేగా బావా కత్తిరించాను?" అన్నాడు క్షురకుడు. వాళ్ళిద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. ఇద్దరి బతుకూ కత్తెర మీదే కాబట్టి బావా అంటే బావా అని పిలుచుకుంటారు.

"మళ్ళీ పెరిగింది. కత్తిరించు."

"నీ కూతురు మా ఇంట్లో సుఖంగానే ఉందిలే. ఇవాళ్టితో మూడో సాయంత్రం."

"దానికి ఏం పెడుతున్నావ్ బావా? నిజం చెప్పు."

క్షురకుడు చెయ్యి ఆపి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "ఎవరితోనూ అనకు. బార్లీ."

"అబద్ధం!"

అతను అలమర కింది నుంచి డబ్బా లాగి మూత తీశాడు. బార్లీయే. అందులోనూ దుమ్ము, పొట్టు. ఇల్లాలు చూస్తే ఆ కొట్టతన్ని నాలుగు దులిపేసేది. గుప్పెడు బఠానీ కూడా లేదు. దర్జీ ఆ గింజల్ని చేత్తో అటూ ఇటూ కలిపి చూశాడు. దీనికంటే తన ఇంటి మేత విందు భోజనం. మరి ఆ పిచ్చిది ఏం చూసి వస్తున్నట్టు?

క్షురకుడు ఎడమ పక్క కత్తిరించడం పూర్తిచేసి కుడి పక్కకి తిరిగాడు. అప్పుడు పైనుంచి వినబడింది. టకటక, టకటక, ఆగి, మళ్ళీ టకటక.

"ఏంటది?"

"మా కోడలు బావా. నాలుగు రోజులైంది, పాత కుట్టుమిషనొకటి కొనుక్కుంది. నేర్చుకుంటోంది. దీపాలు పెట్టేవేళ దాకా తొక్కుతూనే ఉంటుంది. తను ఆపి కిందికొచ్చాక నేను పైకెళ్ళి మేత వేస్తా."

దర్జీ కుర్చీలోంచి లేచిపోయాడు. మూడు వారాలుగా ఆయన మిషను మీద గుడ్డ కప్పి ఉంది. అంతకు ముందు ఆరేళ్ళపాటు, ప్రతి సాయంత్రం, మిషను ఆగగానే డబ్బా చేతికి తీసుకునేవాడు. పెట్టెలో పెరిగిన ఆ పిల్లకి ఇల్లంటే మిషను చప్పుడు. అది ఆగితే అన్నం. బార్లీ మొదలైన వారమే మిషను ఆగింది గనక పాపమంతా బార్లీ మీద పడేశాడు.

"బావా! కుడి పక్క మిగిలిపోయింది!" అని క్షురకుడు కత్తెర పట్టుకుని వీధి మధ్యదాకా వచ్చాడు. దర్జీ వినిపించుకోలేదు.

ఇల్లాలు ఆయన తల చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. సంగతి విన్నాక నవ్వడం మానేసింది.

"అయితే కూర్చుని తొక్కండి మరి!"

"ఏం కుట్టను? వట్టి మిషను తొక్కితే గుడ్డని లాగే పళ్ళు అరిగిపోవూ? ఇరవయ్యేళ్ళలో ఒక్కనాడూ అలా తొక్కలేదు."

ఆవిడ గదిలోకి వెళ్ళి ఒక పెద్ద మూట తెచ్చి ఆయన ముందు దబ్బున పడేసింది. కిటికీ తెరల గుడ్డ, దిండు గలేబుల గుడ్డ, ఆవిడ కోసమని ఎప్పుడో కొన్న నీలిపూల గుడ్డ. "ఏళ్ళ తరబడి చూస్తున్నా. దర్జీ పెళ్ళాన్నయి ఉండి, కుట్టించుకోవడానికి పక్క వీధికి వెళ్ళనా అని."

దర్జీ మిషను మీది కప్పు తీశాడు. నూనె చుక్కలు వేశాడు, బాబిన్ చుట్టాడు. మధ్యాహ్నం మొదలుపెట్టి తెరలు ముగించి నీలిపూల గుడ్డ పట్టాడు. గది నిండా చప్పుడు. చాలా రోజుల తర్వాత ఆయన నోట్లోంచి కూనిరాగం కూడా వచ్చింది. చెవి రిక్కిస్తే, వీధి అవతల కోడలి మిషను తడబడుతూ వంత పాడుతోంది.

పొద్దు వాలింది. పావురాల్ని వదిలారు. ఇల్లాలు పిట్టగోడ దగ్గర నిలబడి చూస్తూ చెబుతోంది. "తీగ మీద కూర్చుంది. అటు చూస్తోంది. ఇప్పుడు ఇటు చూస్తోంది. ఏమండీ, ఆపకండి, కోడలింకా కుడుతూనే ఉంది."

"ఎప్పుడూ ఆపే వేళకే ఆపాలి. దానికి తెలుసు," అన్నాడు దర్జీ. మెడపట్టీ చివరి కుట్టు వేసి, దారం తెంపి, మిషను ఆపాడు.

అప్పుడే అవతలి మిషను కూడా ఆగింది. క్షురకుడు మేడ మీదికొచ్చి డబ్బా గలగలలాడించాడు. దర్జీ డబ్బా అందుకోబోయి, కిటికీలోంచి తీగ వైపు చూశాడు. అలాగే బల్ల ముందు కూర్చుండిపోయాడు.

దొరసాని తీగ మీది నుంచి లేచింది. గూటి వైపు పోలేదు. కిటికీలోంచి సరాసరి గదిలోకి దూరి, మిషను బల్ల మీద వాలి, నీలిపూల గుడ్డ మీద నాలుగడుగులు వేసి, ఆయన చేతి వేలిని ముక్కుతో ఒక్కటి పొడిచింది. ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావని తనే ఆయన్ని నిలదీసినట్టుంది.

ఇల్లాలు గ్లాసుతో బార్లీ తెచ్చి ఆయన అరచేతిలో పోసింది. బఠానీ వెయ్యడం ఆ కంగారులో మర్చిపోయింది. దొరసాని మాత్రం ఒక్క గింజ మిగల్చకుండా తింది.

దర్జీ కళ్ళు తుడుచుకున్నాడు. "ఇది గింజల కోసం పోలేదే. నన్నే వెతుక్కుంటూ పోయింది. నేను మిషను ముందు కూర్చుని ఉంటే చాలు దీనికి. ఏం పెట్టినా తింటుంది."

"నాకూ అంతేనండీ," అంది ఇల్లాలు.

ఆయన తలెత్తి చూశాడు. ఆవిడ అప్పటికే దిండు గలేబుల గుడ్డ విప్పి, రేపటి కోసం మడతలు పెడుతోంది.