పది గింజలు తక్కువ

చిక్కుడు గింజలు పది తక్కువయ్యాయి.

రిజిస్టరక్క మూడుసార్లు లెక్కపెట్టింది. పుస్తకంలో నూటనలభై అని తన చేత్తోనే రాసి ఉంది. పళ్లెంలో నూటముప్పై ఉన్నాయి. ఆసుపత్రి రికార్డుల గదిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి ఆవిడ. ఒక్క కాగితం పోగొట్టిన పాపాన పోలేదు. ఇప్పుడు ఆ వీధిలోని ఇరవైమూడు ఇళ్ల పెరటి తోటలకు విత్తనాలు దాచిపెట్టేది ఆవిడే. ఏ గింజ ఎవరి పెరట్లోది, ఎప్పుడు కోశారు, ఎన్నాళ్లు నీడలో ఆరబెట్టారు, పొట్లంలో ఎన్ని ఉన్నాయి, ఎవరికి ఎన్ని ఇచ్చారు, అన్నీ పుస్తకంలోకి ఎక్కాల్సిందే. అసలు పేరు ఏమిటో ఆ వీధిలో ఎవరికీ తెలియదు. అందరికీ ఆవిడ రిజిస్టరక్కే.

గుమ్మడి పొట్లం విప్పింది. పది తక్కువ. దోస పది తక్కువ. బీర కూడా అంతే. ఎలుకైతే పొట్లం కొరికేది. చీమలైతే దొరికినన్ని మోసుకుపోయేవి. లెక్కగా పదేసి తీసి, పొట్లం మళ్లీ మడత చెదరకుండా మూసిందంటే అది రెండు కాళ్ల జీవమే.

"ఏమండీ, విత్తనాల బీరువా మీరేమైనా తెరిచారా?"

"పోయినసారి కత్తెర కోసం తెరిస్తే రెండు రోజులు విచారణ జరిపావు. మళ్లీ తెరుస్తానా?" అన్నాడు భర్త, పేపర్లోంచి తల ఎత్తకుండా.

ఇక మిగిలింది మేడమీద వాటాలో ఉండే తోడికోడలు. ఈమధ్య ఆమె వాలకమే మారింది. "అక్కా, ఈ వంగ ఎన్నేళ్ల నాటిది?" అని ఊరికే ఆరాలు తీస్తోంది. మొన్న మెట్ల దగ్గర ఎదురింటి దర్జీతో గుసగుసలాడుతూ, తను రాగానే నోరు మూసుకుంది. దానికి ముందురోజు వీధి చివర నర్సరీలో, ఆ బొమ్మలేసిన విత్తనాల ప్యాకెట్లు అమ్మేవాడి ఎదుట నిలబడి తెగ తల ఊపుతూ కనిపించింది. ఇవన్నీ గుర్తుకొచ్చేసరికి రిజిస్టరక్కకు ఒళ్లు మండిపోయింది. ఇంత పదిలంగా దాచినవి తీసుకెళ్లి వాడి చేతిలో పోస్తోందన్నమాట!

మర్నాడు మెట్ల దగ్గర నిలబడి, మేడమీదికి వినబడేలా గొంతు పెంచింది. "అమ్మాయ్, మేమిద్దరం మా చెల్లెలింటికి వెళ్తున్నాం. సాయంత్రానికిగానీ రాం."

బస్టాపు దాకా వెళ్లి, భర్తను బెంచీమీద కూర్చోబెట్టింది.

"దీనికి నన్నెందుకు లాక్కొచ్చావే?"

"ఒక్కదాన్నే వెళ్తే దానికి అనుమానం వస్తుంది. కదలకుండా ఇక్కడే ఉండండి."

పెరటి తలుపు తోసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చింది. బీరువా బార్లా తెరిచి ఉంది. తోడికోడలు నేలమీద కూర్చుని సొర గింజలు అరచేతిలో వేసుకుంటోంది.

"ఎనిమిది... తొమ్మిది..."

"పది," అంది రిజిస్టరక్క వెనకనుంచి.

గింజలన్నీ చెల్లాచెదురయ్యాయి.

"నర్సరీవాడికి ఎన్నాళ్లనుంచి చేరవేస్తున్నావు?"

"నర్సరీవాడికా?" తోడికోడలు ముఖం పాలిపోయింది. "ఒక్కసారి పైకి రండక్కా. చూశాక మీ ఇష్టం."

మేడమీద వంటగది అలమరలో, డబ్బాల వెనక, మూతల గిన్నెలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాంట్లో తడిగుడ్డ, గుడ్డలో పది గింజలు. గుమ్మడి గింజలు కుళ్లి జిగురు కట్టాయి. దోసలో రెండింటికి తెల్లటి వేళ్లు వచ్చాయి. బీర ఒక్కటీ కదల్లేదు. బీరువా అడుగు అరలోని చిక్కుడు మాత్రం పదికి తొమ్మిది మొలిచాయి.

"రెండేళ్లుగా చిక్కుడు తప్ప మీరిచ్చినవేవీ ఎవరికీ సరిగా మొలవట్లేదక్కా. మీ మొహంమీద చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. నర్సరీలో నారు కొనుక్కుని, మీరు కనబడితే మీ గింజలే అంటున్నారు. దర్జీ నాకు చెప్పాడు. పరీక్ష ఎలా చెయ్యాలో నర్సరీవాణ్ని అడిగి తెలుసుకున్నాను."

"ఎందుకు చస్తాయి? అంత జాగ్రత్తగా ఆరబెట్టి..."

తోడికోడలు ఆమెను కిందికి తీసుకొచ్చి, బీరువా వెనక సందులో చెయ్యి పెట్టించింది. గోడ జ్వరం వచ్చిన ఒంటిలా కాలుతోంది, అడుగు అర దగ్గర మాత్రం చల్లగా ఉంది. పక్కింట్లో బేకరీ పెట్టి రెండేళ్లయింది. దాని పొయ్యి సరిగ్గా ఆ గోడకు అవతలే ఉంది.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"రుజువు లేకుండా మీ దగ్గర నోరు విప్పినవాళ్లెవరక్కా?"

ఆ మాట సూటిగా తగిలింది. తప్పయిందని చెబుదామనుకుంది. తీరా నోటివెంట వచ్చింది వేరే: "గిన్నెలమీద తారీఖు వెయ్యలేదేం?"

"వేశాను. అడుగున." తోడికోడలు కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "బావగారేరీ?"

"అయ్యో, బస్టాపులో!"

ఆ మరుసటి ఆదివారం ఇద్దరూ బీరువాను చల్లటి గదిలోకి జరిపి, చిక్కుడు పొట్లాలు, పుస్తకం పట్టుకుని, ఎవరికి ఎన్ని మొలిచాయో రాసుకోవడానికి ఇల్లిల్లూ తిరిగారు. మొదటి ఇంట్లో "మీ గింజలకేం, బ్రహ్మాండం!" అన్నారు. రెండో ఇంట్లోనూ అదే మాట. నిన్నటిదాకా ఆ మాటలకు పొంగిపోయిన రిజిస్టరక్క ఇప్పుడు వాళ్ల కళ్లలోకే చూస్తూ, "నిజంగానా?" అని నిలదీసింది. ఇంతకాలం తనను చూసి ఎంతమంది లోలోపల నవ్వుకున్నారోనని ప్రతి గడపలోనూ అనిపించింది.

ఐదో ఇంటి రిటైర్డ్ లారీ డ్రైవరు మాత్రం గొళ్లెం తీస్తూనే అన్నాడు. "పోయినేడు మీరిచ్చిన గుమ్మడికి నెలరోజులు నీళ్లు పోశానమ్మా. మట్టి తప్ప ఏం మిగల్లేదు."

"ఒక్కటీ రాలేదా?"

"ఒక్కటంటే ఒక్కటి కూడా."

ఆవిడ అక్కడే అరుగుమీద కూర్చుని, అతని పేరు పక్కన సున్నా చుట్టింది. ఆ రోజు మొదటిసారి ఒక మాట అనుమానం లేకుండా నమ్మబుద్ధి అయింది. తోడికోడలు చిక్కుడు పొట్లం అతని చేతిలో పెట్టింది.

"ఇవైనా వస్తాయా?" అన్నాడు అతను పొట్లం అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"పదికి తొమ్మిది," అంది రిజిస్టరక్క. "రాకపోతే మొహంమీదే చెప్పు బాబూ."