ఆఫానన్నయ్య సోమవారం

పేర్లు రాసుకునే కౌంటరు కింద నేలమీద వెల్లకిలా పడుకుని, పళ్ళ మధ్య చిన్న టార్చిలైటు కరచుకుని, అతను ఆ ఉదయానికి పదకొండో ల్యాప్‌టాప్ తీగ ఊడదీస్తున్నాడు. పైన కుర్చీలో కౌంటరమ్మ కాళ్ళు పక్కకి జరుపుకుంది.

"తెర ఇంకా ఊగుతూనే ఉంది అన్నయ్యా. అక్షరాలు ఈత కొడుతున్నాయి. పొద్దుటినించి నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

"ఆపి మళ్ళీ వేసి చూశారా?" అన్నాడు, టార్చి తియ్యకుండానే.

ఆవిడ ఎంత గట్టిగా నవ్విందంటే, వరసలో నిలబడ్డ రోగుల్లో ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు.

ఆ ప్రశ్న వల్లనే అతని అసలు పేరు మరుగున పడిపోయింది. పంతొమ్మిదేళ్ళుగా ఈ ఆసుపత్రిలో ఏ అంతస్తు నుంచి ఎవరు ఫోన్ చేసినా అతను మొదట అడిగేది అదే. నర్సులు మొదట ఆఫ్-ఆన్ అన్నయ్య అన్నారు. నోళ్ళలో నాని నాని అది ఆఫానన్నయ్య అయింది. అతనికీ అదే హాయిగా ఉండేది. ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే, ఏదో తప్పు బయటపడిందని గుండె జారేది.

భయం అతనికి పుట్టుకతో వచ్చిన చుట్టం. బక్కపలచని మనిషి, పొడుగు మెడ, దారానికి వేలాడే కళ్ళద్దాలు, చొక్కా జేబులో మూడు స్క్రూడ్రైవర్లు. లిఫ్టు ఎక్కడు; ఐదు అంతస్తులూ మెట్ల మీదే. ఫోన్ మోగితే ఒకసారి గుటక వేసి గానీ ఎత్తడు. పదిహేడేళ్ళ వయసులో టీవీలు బాగుచేసే దుకాణంలో చేరాడు. అప్పటి టీవీలకి వెనక పెద్ద గాజు గొట్టం ఉండేది. ఆపేసిన తరవాత కూడా దానిలో కరెంటు దాక్కుని ఉంటుంది. చేరిన మూడో రోజున అది అతన్ని గోడకేసి కొట్టింది. దుకాణం మేస్త్రి నీళ్ళు తాగించి, "భయపడ్డావుగా, ఇక బతికిపోయావు" అన్నాడు. కూతురు పుట్టినప్పుడు పురిటి గది గుమ్మం దాటలేక గంటన్నర గోడ పట్టుకుని నిలబడ్డాడు. "మా ఆయన రాబోయే కష్టాలకి ముందుగానే ఏడ్చి పెట్టుకుంటారు, అవి వచ్చేసరికి తీరిక చిక్కుతుందని" అనేది భార్య చుట్టాల దగ్గర.

ఆ భయమే అతన్ని మంచి పనివాణ్ణి చేసింది. ఒకసారికి ఒక్కటే మార్చేవాడు. మార్చి, చూసి, తగ్గకపోతే దాన్ని మళ్ళీ ఉన్నచోట పెట్టి, అప్పుడు రెండోదాని జోలికి వెళ్ళేవాడు. ఊహ మీద ఏదీ చెప్పేవాడు కాదు.

శనివారం నాడు పైవాళ్ళు ఆసుపత్రిలో ఉన్న ల్యాప్‌టాప్‌లన్నిటికీ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ పంపారు. సోమవారం తెరిచేసరికి సగానికి పైగా తెరలకి పిచ్చెక్కింది. కొన్ని రెపరెపలాడాయి. కొన్నిటి మీద అక్షరాలు నీళ్ళలో తడిసినట్టు అలుక్కుపోయాయి. మందుల గదిలో ఒకటి మొత్తం ఆకుపచ్చగా వెలిగింది. చాలావాటికి జబ్బు ఒకటే: తెరను నడిపించే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్ కొత్త సిస్టమ్‌తో పొసగడం లేదు. పాతదాన్ని వెనక్కి తెస్తే తెర నిలకడగా నిలిచేది. కౌంటరమ్మ తెర కూడా అలాగే నిలిచింది. అతను లేచి, మోకాళ్ళు దులుపుకుని, దగ్గాడు. దగ్గు ఒక పట్టాన ఆగలేదు.

"ఆ దగ్గు కూడా ఆపి మళ్ళీ వెయ్యండి అన్నయ్యా" అంది కౌంటరమ్మ.

"దుమ్మమ్మా. మీ బల్ల కింద దుమ్ము" అన్నాడు.

పన్నెండు దాటాక ఎక్స్‌రేలు చదివే డాక్టరమ్మ కబురు పెట్టింది. రెండో అంతస్తు చివర, పరదాలు వేసి మసకగా ఉంచే గది. ఆవిడ నలభై ఏళ్ళ మనిషి, మాట పొదుపు. గోడకున్న పెద్ద మానిటర్ మీద 'సిగ్నల్ లేదు' అని ఉంది. ల్యాప్‌టాప్ మీద ఎవరిదో ఛాతీ ఎక్స్‌రే. దానికి అడ్డంగా ఐదారు బూడిద రంగు చారలు. బొమ్మ సగంలో తెగి, కింది సగం పక్కకి జరిగినట్టుంది. ఎడమవైపు పైన, మెడ ఎముక కింద, అంచులు చెదిరిన ఒక తెల్ల మచ్చ.

"చారలు తెరవేనని తెలుస్తూనే ఉంది. ఆ మచ్చ సంగతే తేలడం లేదు" అంది ఆవిడ. "అది మనిషిలో ఉందా, తెరలో ఉందా? లేనిది చూసి మనిషిని భయపెట్టలేను. ఉన్నదాన్ని తెర మీదకి తోసేసి ఊరుకోలేను. మీరు తేల్చి చెప్పాలి."

"చూస్తాను మేడమ్."

పక్క గదిలో స్కానింగ్ ఉందని ఆవిడ వెళ్ళిపోయింది. అతను కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. ముందు మూతను మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపాడు. తీగ వదులైతే చారలు కదలాలి. కదల్లేదు. తరవాత బొమ్మను వేలితో పక్కకి జరిపాడు. చారలు ఉన్నచోటే ఉన్నాయి. మచ్చ బొమ్మతో పాటు జరిగింది.

అది మంచి గుర్తు కాదు. అయినా ఒక్క గుర్తుతో అతను ఏదీ తేల్చడు. ఆ బొమ్మనే వేరే ల్యాప్‌టాప్ మీద తెరిచి చూడాలి. తనది, పాతది, కొత్త సిస్టమ్ ఎక్కనిది, సంచిలోంచి తీసి పక్కన పెట్టాడు. ఎక్స్‌రేల జాబితాలో పేర్లు ఉండవు, నంబర్లే. డాక్టరమ్మ తెర మూలన ఉన్న నంబర్ కొట్టడం మొదలుపెట్టాడు. మొదటి రెండంకెలు చూసి కొట్టాడు. తక్కిన నాలుగూ వేళ్ళు చూడకుండానే కొట్టేశాయి.

చేతులు మీటల మీదే ఆగిపోయాయి.

పంతొమ్మిదేళ్ళుగా ప్రతి ఉదయం పనిలోకి వచ్చీ రాగానే కొట్టే తన సిబ్బంది నంబరు అంకెలవి. మెడలో వేలాడుతున్న కార్డు తిప్పి చూసుకున్నాడు. మళ్ళీ తెర చూశాడు. మళ్ళీ కార్డు. వారం కిందట, ఉద్యోగులందరూ పరీక్షలు చేయించుకు తీరాలని ఆర్డరు వస్తే, వెళ్ళాడు. ఇన్నేళ్ళు ఆసుపత్రిలో ఉండి ఒక్క పరీక్షా చేయించుకోని మనిషి, ఆ రోజు కళ్ళు మూసుకుని రక్తం ఇచ్చి, చల్లటి పలకకి ఛాతీ ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. బయటికొచ్చాక ఆ సంగతి ఆలోచించడమే మానేశాడు.

ఒక్క మీట నొక్కితే బొమ్మ తెరుచుకుంటుంది. ఆ మీట నొక్కడానికి ఎంతసేపు పట్టిందో అతనికి తెలియదు. నొక్కాడు.

చారలు లేవు. పక్కటెముకలు శుభ్రంగా, తెల్లగా, ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. మచ్చ ఉంది.

అతను రెండు ల్యాప్‌టాప్‌లూ మూసేసి వరండాలోకి వచ్చాడు. మంచినీళ్ళ కుళాయి దగ్గర గ్లాసు నింపుకుని తాగకుండా పట్టుకుని నిలబడ్డాడు. ఒక ఆలోచన వచ్చింది, చాలా మామూలుగా, ఎవరో పక్కన నిలబడి సలహా చెప్పినట్టు. తెర పాడైంది, కొత్తది తెప్పించాలి, పది రోజులు పడుతుంది అని చెబితే చాలు. ఎవరూ మారు మాట అడగరు. ఆఫానన్నయ్య చెప్పాడంటే ఇక అంతే. ఆ పది రోజులూ మచ్చ తెరలోనే ఉంటుంది.

ఫోన్ మోగింది. ఉలిక్కిపడితే గ్లాసులో నీళ్ళు చొక్కా మీద ఒలికాయి. భార్య.

"ఏమండీ, తిన్నారా?"

"ఆఁ." తినలేదు.

"వచ్చేటప్పుడు నల్ల దారం రెండు ఉండలు తెండి. మొన్న తెచ్చినట్టు నీలం తేకండి. నలుపంటే నలుపు."

"అలాగే." చొక్కా మీది తడి దులుపుకున్నాడు. "ఒసేయ్, నేను ఎప్పట్నించి దగ్గుతున్నాను?"

"నన్నడుగుతారేం, దగ్గేది మీరైతే? అమ్మాయి కాన్పుకి ముందే మొదలైంది. పాప దగ్గరికి పోవద్దని నేనే కదా మిమ్మల్ని కసిరాను. పాపకిప్పుడు ఆరో నెల." అటువైపు కుట్టుమిషను చప్పుడు ఆగింది. "ఎందుకడిగారు?"

"ఊరికేనే."

"మీరు ఊరికే ఏదీ అడగరు."

"పని ఉంది, మళ్ళీ చేస్తాను" అని పెట్టేశాడు.

గది వైపు చూశాడు. తలుపు సగం తెరిచే ఉంది. నడిచి వెళ్ళిపోవచ్చు. కానీ లోపల తెర చారలతోనే ఉంది. సగంలో వదిలేసిన పని అతన్ని నిద్రపోనివ్వదు, ఏనాడూ పోనివ్వలేదు. ఆ తెర మీద రేపు ఇంకొకరి ఎక్స్‌రే వస్తుంది, ఆ చారల చాటున ఇంకేదైనా ఉండొచ్చు. నీళ్ళు తాగి లోపలికి వెళ్ళాడు.

కొత్త డ్రైవర్ తీసేసి పాతది ఎక్కించాడు. తెర ఒక్క క్షణం నల్లబడింది. ఆ నలుపులో తన ముఖం, కళ్ళద్దాలు కనిపించాయి. వెలుగు వచ్చేసరికి చారలు మాయమయ్యాయి. తెగిన బొమ్మ అతుక్కుంది. మచ్చ కదల్లేదు. తరవాత పెద్ద మానిటర్ తీగ తీసి, కొన తుడిచి, మళ్ళీ గుచ్చాడు. గోడ మీద మనిషంత ఎత్తున అతని ఛాతీ వెలిగింది. గుండె నీడ, ఊపిరితిత్తులు, భుజాల ఎముకలు. యాభై నాలుగేళ్ళుగా ఈ గూటిలోనా ఇంత భయం పట్టింది అనుకున్నాడు. చూడలేక చూపు దించుకున్నాడు, మళ్ళీ చూశాడు.

డాక్టరమ్మ వచ్చింది. నిలబడే పెద్ద మానిటర్ని చాలాసేపు చూసింది.

"చారలు డ్రైవర్‌వి మేడమ్. పోయాయి" అన్నాడు. "మచ్చ తెరది కాదు."

"నమ్మకంగా చెబుతున్నారా?"

"చెబుతున్నాను."

ఆవిడ నిట్టూర్చి ఫోన్ అందుకుంది. "సిబ్బందిలో మనిషే. ఈ నంబర్ ఎవరిదో కనుక్కుని ఇవాళే పిలిపించాలి."

"పిలవక్కర్లేదు మేడమ్" అన్నాడతను. "ఇక్కడే ఉన్నాను."

ఆవిడకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అతని మెడలో కార్డు చూసింది. ఫోన్ పెట్టేసి, తన కుర్చీ పక్కకి ఇంకో కుర్చీ లాగింది. అతను అంచు మీద కూర్చున్నాడు. ఆవిడ నెమ్మదిగా మాట్లాడింది. ఇంకా పరీక్షలు చెయ్యాలంది, ఇప్పుడే ఏదీ అనుకోవద్దంది, రేపు ఉదయం ఖాళీ కడుపుతో రమ్మంది. అతను బడిపిల్లవాడిలా తల ఊపుతూ విన్నాడు.

"చాలా భయంగా ఉంది మేడమ్" అన్నాడు. అలా పైకి అనడం అదే మొదటిసారి.

"ఉంటుంది. ఎవరికైనా ఉంటుంది."

"ఇంట్లో మీరు చెబుతారా?"

"మీరే చెప్పండి. రేపు ఆవిణ్ణి కూడా తీసుకురండి. తక్కినది నేను చెబుతాను."

అతను లేచి, స్క్రూడ్రైవర్లు జేబులో సర్దుకున్నాడు. "రక్తపరీక్షల గదిలో ఇంకా నాలుగు ఉన్నాయి" అన్నాడు. ఐదయ్యేసరికి ఆ నాలుగూ పూర్తిచేశాడు. దారిలో నల్ల దారం కొన్నాడు. గుమ్మంలో అతని ముఖం చూడగానే భార్య కుట్టుమిషను మీంచి లేచి నిలబడింది.

ఆ తరవాత పరీక్షలు, మందులు, జుట్టు రాలడం, కొన్ని వారాలు పనిలోకి రావడం, కొన్ని వారాలు రాలేకపోవడం జరిగాయి. ప్రతిసారీ సూదికి కళ్ళు మూసుకునేవాడు. భయం తగ్గలేదు. తగ్గిందని ఎవరితోనూ బుకాయించనూ లేదు. రాత్రుళ్ళు భార్య చెయ్యి పట్టుకుని పడుకునేవాడు. తొమ్మిదో నెలలో, అదే ఆసుపత్రిలో, కిటికీ పక్క మంచం మీద, భార్య మంచినీళ్ళ సీసా నింపుకుని వచ్చేలోగా వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడు ఇంకో కొత్త సిస్టమ్ వచ్చింది. కొత్తగా చేరిన టెక్నీషియన్ అమ్మాయి, డాక్టరమ్మ ల్యాప్‌టాప్ తిరగేసి, అడుగున మరలు విప్పబోయి ఆగింది. అక్కడ ఒక కాగితం చీటీ అతికించి ఉంది. పైన తేదీ, సోమవారం. డాక్టరమ్మ పక్క గదిలో ఉన్నప్పుడో, వెళ్ళేముందు ఒక్క నిమిషం చిక్కినప్పుడో ఆఫానన్నయ్య రాసి ఉంటాడు. అమ్మాయి దాన్ని చించకుండా, పక్కనున్న మరలు మాత్రం విప్పింది. అంచులు లేచిన ఆ చీటీ మీద, కొద్దిగా వణికిన అక్షరాలతో, నీలి సిరాతో ఉంది: "తెరలో లోపం లేదు. మూడు చోట్ల చూశాను."