ఆరో నంబరు పేషెంటు

గొట్టంలోకి బ్రష్షు దూర్చి మూడోసారి లాగితే గానీ నీళ్ళు తేటగా రాలేదు. ఆమె గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసి, మందునీళ్ళ తొట్టిలోకి చుట్టగా దించింది. పంతొమ్మిదేళ్ళుగా ఆమె పని ఇదే: మనుషుల కడుపుల్లోకి వెళ్ళొచ్చిన కెమెరా గొట్టాలు కడగడం, డాక్టరుగారికి పరికరాలు అందించడం. తెర మీద ఏది పుండో ఏది గడ్డో చెప్పడం ఆమెకు కొట్టినపిండి.

పొట్టి మనిషి. పాలిపోయిన ముఖం, నానినాని ముడతలు పడ్డ వేళ్ళు. నాలుగడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకుంటుందని అందరూ ‘గూడ్సుబండి’ అనేవారు. ఆమె కూడా నవ్వేసేది. కారణం ఆమె ఒక్కదానికే తెలుసు. ఆరేళ్ళుగా దొడ్డికి వెళ్ళినప్పుడల్లా రక్తం. వాళ్ళమ్మకీ అలాగే మొదలై, పేగులో గడ్డ అని తేలిన నాలుగు నెలలకే పోయింది. రోజూ పదిమందికి “భయమేం లేదు” అని చెప్పే నోరు తన విషయంలో మాత్రం పెగల్లేదు. మొగుడికి కూడా చెప్పలేదు.

పోయిన వారం తొట్టి దగ్గరే కళ్ళు తిరిగి పడిపోయింది. పరీక్ష చేస్తే ఒంట్లో ఉండాల్సిన రక్తంలో మూడోవంతు తగ్గిపోయింది. డాక్టరుగారు గట్టిగా అడిగితే అప్పుడు బయటపెట్టింది. ఆ రాత్రే మొగుడికీ చెప్పింది. ఈ రోజు పేగు పరీక్షల జాబితాలో ఆరో నంబరు ఆమెదే.

“విరేచనాల మందు తాగి మళ్ళీ పనికెందుకొచ్చావక్కా?” అంది నర్సు.

“ఇంట్లో ఉంటే గోడలు మీదకొస్తున్నాయమ్మా. చేతులాడుతుంటే కాస్త నయం.”

ఐదో కేసు అయ్యాక నర్సు ఆమె చేతిలోని బ్రష్షు లాక్కుంది. ఆమె గౌను కట్టుకుని బల్ల మీద ఎడమవైపు తిరిగి పడుకుంది.

“మత్తు వద్దండీ,” అంది. “నేను చూస్తాను.”

డాక్టరుగారు ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, తెరను ఆమె వైపు తిప్పారు.

గొట్టం పేగు మెలికలు దాటుతుంటే కడుపు పట్టేసింది. పళ్ళు బిగబట్టిందే గానీ కళ్ళు తెరను వదల్లేదు. గులాబిరంగు గోడ. మలుపు. మళ్ళీ గులాబిరంగు గోడ. గడ్డలు ఎక్కడ నక్కుతాయో ఆమెకు తెలుసు.

“ఆ మడత వెనక,” అంది.

ఆయన గొట్టాన్ని వెనక్కి తిప్పి చూపించారు. ఏమీ లేదు. పెద్దపేగు చివరిదాకా వెళ్ళొచ్చారు. ఎక్కడా ఏమీ లేదు. బయటికి వచ్చే దారిలో, గుమ్మం దగ్గర కనపడ్డాయి. నల్లద్రాక్షల్లా ఉబ్బిన మూడు మొలలు, ఒకదాని మీద తాజా నెత్తుటి బొట్టు.

“వీటినా ఆరేళ్ళు దాచుకున్నావు?” అన్నారు డాక్టరుగారు.

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి. బల్ల ఊగింది.

“కదలకు తల్లీ. ఇప్పుడే వీటికి రబ్బరు ఉంగరాలు వేసేస్తాను.”

గొట్టం చివర రబ్బరు ఉంగరాల మూత తొడిగి మళ్ళీ లోపలికి పంపారు. మొలను మూతలోకి పీల్చి, దాని మొదట్లో ఉంగరం వదలాలి. రక్తం అందక అది వారం రోజుల్లో ఎండి రాలిపోతుంది. కోత లేదు, కుట్టు లేదు. ఉంగరం వదలడానికి రోజూ ఆమె తిప్పే చక్రం ఇవాళ నర్సు చేతిలో ఉంది.

“ఇంకాస్త పీల్చనివ్వు,” అంది ఆమె తెర చూస్తూ. “ఇంకాస్త. ఆఁ, ఇప్పుడు తిప్పు.”

ఉంగరం పడింది. రెండోది. మూడోది కూడా ఆమె చెప్పినప్పుడే పడింది.

“నీ కేసు నువ్వే చేసుకున్నావు, మేం ఊరికే నిలబడ్డాం,” అన్నారాయన.

బల్ల దిగగానే మొగుడికి ఫోను చేసి, “ఏమండీ, అది కాదు,” అంది. “మొలలు. ఉత్త మొలలే. నా కళ్ళతో నేనే చూశాను.”

అవతల అతను పనిచేసే షెడ్డులో లేతు మిషన్ల మోత ఆగేదాకా మొగుడి గొంతు వినపడలేదు. “గేటు దగ్గరుండు, వస్తున్నా,” అన్నాడు చివరికి.

పదిరోజుల సెలవు చీటీ గుప్పిట్లో పెట్టుకుని, పేషెంట్లకిచ్చే కాగితం చెప్పులతోనే, ఎవరికీ చెప్పకుండా ఆమె వెళ్ళిపోయింది. ఏడో నంబరు కోసం దుప్పటి మార్చడానికి వచ్చిన నర్సుకు బల్ల కింద ఆమె రబ్బరు బూట్లు కనపడ్డాయి. ఒకటి నిలబడి ఉంది, ఒకటి పక్కకు ఒరిగింది, రెండిట్లోనూ ఇంకా తడి ఆరలేదు.